మూడు సిలువల కొండ



మా ఆడబిడ్డ కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. దసరా సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు పుస్తకాల సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. భువనగిరిలో రాతి గుట్టలు ఎక్కడం నేర్పే శిక్షణకు పోవాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం చేయవలసిన కాగితం అది. "అత్తమ్మా, అమ్మకు నువ్వు చెప్పు. నువ్వు చెప్తే వింటది" అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆడబిడ్డ వంటింట్లోంచి వచ్చింది. "చెప్పేదేం లేదు వదినా. ఆ నెల్లూరు పిలగాడు అంత చదువు చదివి, ఎక్కడో దేశంగాని దేశంల కొండమీద పానం ఇడిసిండు. ఆ కన్నతల్లి ఎట్లున్నదో ఏమో. నా బిడ్డకు ఆ గుట్టలొద్దు, ఆ పేర్లొద్దు" అంది.

ఆమె అన్నది మల్లి మస్తాన్ బాబు సంగతి. 2015 వేసవిలో ఆయన భౌతికకాయం ఇంటికి వచ్చిన రోజున మేమందరం టీవీ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే. ఆ రోజు మా అత్తమ్మ ఒక ప్రశ్న వేశారు. "ఆ కొండ ఏ దేశంలదే?" అని. అటు చిలీ, ఇటు అర్జెంటీనా అని టీవీవాళ్ళు చెప్పారే గాని మాకెవరికీ సరిగా అర్థం కాలేదు. మొన్న ఆ కాగితం చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ గుర్తుకొచ్చింది. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని అయినా, పిల్లల అట్లాసు ముందేసుకుని, దొరికినవి చదివి తెలుసుకున్న సంగతులు ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

అట్లాసులో దక్షిణ అమెరికా పేజీ తీయండి. పడమటి పక్కన, పైనుంచి కింది దాకా, చీరకు అంచు కుట్టినట్టు ఆండీస్ పర్వతాలు కనబడతాయి. ఆ అంచుకు అవతల సన్నగా, పొడుగ్గా చిలీ. ఇవతల వెడల్పుగా అర్జెంటీనా. ఈ రెంటి సరిహద్దు 5,000 కిలోమీటర్లకు పైమాటే. అందులో చాలా భాగం కొండ కొమ్ముల మీదుగానే పోతుంది. ఆ గీత మీద ఉన్న కొండల్లో ఒకటి ట్రెస్ క్రూసెస్. స్పానిష్ భాషలో మూడు సిలువలు అని అర్థం. మూడు ముఖ్య శిఖరాలున్న కొండ అది. దక్షిణ శిఖరం అన్నిటికంటే ఎత్తు, 6,748 మీటర్లు. అంటే 22 వేల అడుగుల పైచిలుకు. ఆ శిఖరం మీద నిలబడితే ఒక కాలు చిలీలో, ఒక కాలు అర్జెంటీనాలో పెట్టవచ్చునన్నమాట. దాని పక్కనే ఇంకా ఎత్తైన ఓహోస్ దెల్ సలాదో ఉంది. 6,893 మీటర్లు. భూమి మీద దానికంటే ఎత్తైన అగ్నిపర్వతం లేదు. అదీ సరిహద్దు గీత మీదనే ఉంది.

ట్రెస్ క్రూసెస్ కూడా అగ్నిపర్వతమే. పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న నేల పలక, ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఖండం కిందికి దూరుతూ ఉంటుందట. దానితోపాటు లోపలికి పోయిన తడి, పైనున్న వేడి రాతిని కరిగిస్తుంది. కరిగిన రాయి పైకి తన్నుకొస్తుంది. అట్లా పుట్టిన కొండలు ఇవి. ట్రెస్ క్రూసెస్ చివరిసారి నిప్పు కక్కి దాదాపు 28 వేల ఏళ్ళయింది. అందుకని అక్కడ పొగలూ మంటలూ ఉంటాయనుకోకండి. నేను మొదట అట్లాగే అనుకున్నాను. అక్కడ ఉన్నవి చలి, గాలి, బూడిద రంగు రాళ్ళు.

కరిగిన రాయి అంటే మనకేమీ కొత్త కాదు. మన హన్మకొండ వేయి స్తంభాల గుడిలో చేతితో రాస్తే అద్దంలా మెరిసే నల్ల స్తంభాలున్నాయి చూడండి, ఆ రాయీ ఒకప్పుడు కరిగి, నేల పగుళ్ళలోకి ఎక్కి గడ్డకట్టిందే. ఆదిలాబాదు పత్తి చేల నల్లరేగడి, వికారాబాదు గుట్టలు ఇవన్నీ ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళ నాడు పడమటి కనుమల వైపు నుంచి పారిన లావా పెట్టిన భిక్షే. ఆ లావా గోదావరి దారిన రాజమండ్రి దాకా వచ్చిందట. అంత దూరం పారిన లావాలు లోకంలో అరుదు. మన దగ్గర అది ఎప్పుడో చల్లారి, మట్టై, పంట పండుతోంది. అక్కడ మాత్రం ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.

ఆ కొండల పక్కన అటకామా ఎడారి. లోకంలో అతి పొడి నేలల్లో అదొకటి. అందుకే అంత ఎత్తు కొండల మీద కూడా మన హిమాలయాల్లో లాగా మంచు గుట్టలు గుట్టలుగా పేరుకోదు. ఉన్న మంచును ఎండా గాలీ కలిసి కోసేసి, కత్తులు నిలబెట్టినట్టు చేస్తాయి. శిఖరం దగ్గర గాలిలో ప్రాణవాయువు సముద్రపు ఒడ్డున దొరికేదాంట్లో సగం కూడా ఉండదు. పది అడుగులు వేస్తే ఆగి రొప్పాలి. కురిసిన మంచునే గాలి లేపి కొడితే ముందున్న మనిషి కనబడడు. ఆ గాలిని అక్కడివాళ్ళు 'తెల్ల గాలి' అంటారు. పేరు చల్లగా ఉంది గాని, ప్రాణాలు తీసేది అదే.

ఇంతకీ అట్లాంటి చోటికి మనుషులు ఎందుకు పోయారు? మొట్టమొదట పోయిందెవరు?

దానికి జవాబు ట్రెస్ క్రూసెస్ మీద కాదు, అదే వరుసలో ఉత్తరాన 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇంకో అగ్నిపర్వతం మీద దొరికింది. దాని పేరు పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది. యుయయ్యాకో. 6,739 మీటర్లు. అదీ చిలీ, అర్జెంటీనాల సరిహద్దు మీదిదే. 1952లో ఇద్దరు చిలీ పర్వతారోహకులు ఎక్కి, తామే మొదటివాళ్ళమనుకున్నారు. తీరా చూస్తే శిఖరం దగ్గర రాళ్ళతో కట్టిన గోడలున్నాయి! అయిదువందల ఏళ్ళ నాడే మనుషులు అక్కడికి ఎక్కి గోడలు కట్టారన్నమాట. వాళ్ళు ఇంకాలు. మన మాటల్లోని 'ఇంకా' కాదు సుమండీ, ఆండీస్‌ను ఏలిన రాజవంశం పేరే అది.

1999 మార్చిలో యోహాన్ రైన్‌హార్డ్ అనే అమెరికా పరిశోధకుడు, కాన్‌స్టాన్సా సెరూతి అనే అర్జెంటీనా పురావస్తు శాస్త్రజ్ఞురాలు తమ జట్టుతో ఆ శిఖరం మీద తవ్వారు. సెరూతికి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆ ఎత్తులో, ఆ గాలిలో రోజుల తరబడి గుడారాల్లో ఉండి, గడ్డకట్టిన మట్టిని కొంచెం కొంచెంగా తీశారు. లోపల ముగ్గురు పిల్లలు. పదమూడేళ్ళ ఆడపిల్ల ఒకతె, నాలుగైదేళ్ళ పాప, అదే వయసు బాబు. చలికి ఏమాత్రం చెడలేదు. పెద్దపిల్ల తల సన్నని జడలతో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల వంచి కూర్చునే ఉంది. కునుకు తీస్తున్నట్టుంది. చిన్నపాప మీద ఎప్పుడో పిడుగు పడిన గుర్తు ఉంది. చుట్టూ బంగారు, వెండి బొమ్మలు, వాటికి బుల్లి బుల్లి బట్టలు, ఈకల కిరీటాలు.

ఆ పిల్లలు కొండదేవతలకు బలి. రాజ్యం నలుమూలల నుంచి లోపం లేని పిల్లలను ఎంచి, రాజధానికి తీసుకుపోయి, అక్కడి నుంచి నెలల తరబడి నడిపించి కొండ ఎక్కించేవారట. 2013లో శాస్త్రజ్ఞులు ఆ పెద్దపిల్ల జుట్టును పరీక్షించారు. జుట్టు నెలకు ఇంత అని పెరుగుతుంది గదా, అందులో ఆమె తిన్న తిండి చరిత్రంతా రాసి ఉంటుందట. చనిపోవడానికి ఏడాది ముందు నుంచి ఆమె తిండి మారింది. అంతకుముందు పేదల తిండి, ఆ తర్వాత మాంసం, మొక్కజొన్న, అంటే పెద్దింటి తిండి. కోకా ఆకు నమలడం పెరిగింది. ఆఖరి వారాల్లో మొక్కజొన్న కల్లు బాగా తాగించారు. మత్తులో ఉంచి, చలికి వదిలేశారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదమూడేళ్ళు. జడలు ఎవరు వేశారో. ఏడాదిపాటు మంచి తిండి పెడుతున్నారంటే ఎందుకో ఆ పిల్లకు తెలిసే ఉంటుందా? కన్నవాళ్ళకు అది గౌరవమని అప్పటి రాతలు చెబుతాయి. ఏడ్వకూడదని కూడా అన్నారట. ఎంత గౌరవమైతేనేం, ఆ పిల్లను అడిగినవాళ్ళు మాత్రం ఉండరు.

ముగ్గురినీ ఇప్పుడు అర్జెంటీనాలోని సాల్టా పట్నంలో, వాళ్ళకోసమే 2004లో తెరిచిన మ్యూజియంలో, చల్లని అద్దాల పెట్టెల్లో ఉంచారు. ఒక్కసారికి ఒక్కరినే జనానికి చూపిస్తారు. చూపించడమే తప్పని, మా పిల్లలను కొండ మీదనే ఉండనివ్వవలసిందని అక్కడి గిరిజనులు కొందరు అన్నారు. నాకు వాళ్ళ మాటే సబబనిపిస్తుంది. కానీ ఆ తవ్వకం జరగకపోతే ఆ పిల్ల సంగతి మనదాకా వచ్చేదీ కాదు.

ఆ తర్వాత ఇంకాల రాజ్యం పోయింది. స్పానిష్ వాళ్ళు వచ్చారు, పోయారు. దేశాలు వేరుపడ్డాయి. అప్పుడు మొదలైంది గీత తగాదా.

1881లో చిలీ, అర్జెంటీనా ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఆండీస్‌లో నీళ్ళను రెండు పక్కలకు విడదీసే ఎత్తైన శిఖరాల మీదుగా సరిహద్దు పోవాలి అన్నది దాని సారం. మన ఊళ్ళల్లో అన్నదమ్ములు పెంకుటిల్లు పంచుకుంటారు చూడండి, కొప్పు మీద నుంచి గీత గీసి, చూరు నీళ్ళు అటు పడితే నీది, ఇటు పడితే నాది అంటారు. అట్లాంటిదే. వినడానికి న్యాయంగానే ఉంది. తీరా కొండల మీదికి పోయి చూస్తే, దక్షిణాన నీళ్ళు విడిపోయే చోటు ఒకచోట, ఎత్తైన శిఖరాలు ఇంకోచోట ఉన్నాయి. మీకు శిఖరాలు లాభమైతే శిఖరాలంటారు, మాకు నీళ్ళు లాభమైతే నీళ్ళంటాం. ఇక ఉత్తరాన ఆ అగ్నిపర్వతాల చోట అయితే వాగులు ఏ సముద్రానికీ పోవు. నడుమనే ఉన్న ఉప్పు చెరువుల్లో పడి ఇగిరిపోతాయి. చూరే లేని ఇంటిని ఎట్లా పంచుతారు?

అంతకుముందే 1879లో చిలీకి, పెరూ బొలీవియాలకు యుద్ధం వచ్చింది. 1884లో ఆగేసరికి బొలీవియాకు సముద్రమే లేకుండా పోయింది. ఆ ఎత్తైన ఎడారి భాగం నాదంటే నాదని మూడు దేశాలూ అన్నాయి. ట్రెస్ క్రూసెస్‌కు కొద్ది దూరంలోనే శాన్ ఫ్రాన్సిస్కో కనుమ అని ఒకటి ఉంది. సుమారు 4,700 మీటర్ల ఎత్తులో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే దారి. అక్కడ 1892లో నాటిన సరిహద్దు గుర్తు మీదనే పెద్ద రభస అయింది. నాటినచోటు తప్పని అర్జెంటీనా అంది. కాదని చిలీ అంది. ఆ చుట్టుపక్కల మేకల కాపరులకు గడ్డి కూడా సరిగ్గా దొరకదు. అట్లాంటి చోటు కోసం రెండు దేశాలూ యుద్ధనౌకలకు అప్పులు తెచ్చాయి.

1899లో ఎడారి భాగం తగవును బ్యుకానన్ అనే అమెరికా రాయబారి తీర్చాడు. ఎక్కువ భాగం అర్జెంటీనాకు వచ్చింది. దక్షిణపు తగవును 1902లో ఇంగ్లండు రాజు ఎడ్వర్డు తీర్చాడు. ఆ ఏడే మే నెలలో రెండు దేశాలూ ఇక మీదట యుద్ధనౌకలు తగ్గించుకుంటామని ఒప్పందం చేసుకున్నాయి. పెద్దమనుషులు గీత గీశారు సరే, మనసులు కుదిరాయా?

ఇక్కడ ఒక ఇల్లాలి సంగతి చెప్పాలి. ఆమె పేరు ఆంహెలా దె ఒలివెయిరా సేసర్ దె కోస్తా. బ్యూనస్ ఐరిస్‌లో క్రైస్తవ తల్లుల సంఘానికి అధ్యక్షురాలు. యుద్ధం రాబోతోందని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో, అక్కడ ఒక బడి ఆవరణలో పాత ఫిరంగుల కంచుతో పోసిన పెద్ద ఏసుక్రీస్తు విగ్రహం ఉండేది. మాతేయో అలోన్సో అనే శిల్పి చేసింది. ఈ విగ్రహం ఇక్కడ ఎందుకు, కొండల మీద రెండు దేశాల గీత మీద పెడదాం అన్నది ఆమె. అనడంతో ఊరుకోలేదు. అధ్యక్షుడి దాకా పోయింది, చందాలు పోగుచేసింది, చిలీ తల్లులతో చేయి కలిపింది. ఏడు మీటర్ల విగ్రహాన్ని ముక్కలుగా విప్పి కొంతదూరం రైలులో, అక్కడి నుంచి కంచరగాడిదల మీద, 3,800 మీటర్ల ఎత్తుకు చేర్చారు. 1904 మార్చి 13న అక్కడ నిలబెట్టారు. నిన్నటిదాకా తుపాకులు చూసుకున్న రెండు సైన్యాలు ఆ రోజు కలిసి వందనం చేశాయి. ఇది ట్రెస్ క్రూసెస్‌కు దక్షిణాన ఆరువందల కిలోమీటర్ల పైన ఉంటుంది. పోరుకు దాచిన కంచును అట్లా వాడాలన్న ఆలోచన ఏ మంత్రికీ తట్టకపోవడం చూడండి.

అంతటితో అంతా సుఖమేనా అంటే, కాదు. 1978 డిసెంబరులో దక్షిణపు కొసన మూడు చిన్న దీవుల కోసం రెండు దేశాలూ మళ్ళీ యుద్ధం అంచుకు వచ్చాయి. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను కొండలకు తోలారు. రోమునుంచి పోప్ కలగజేసుకుని, ఒక కార్డినల్‌ను పంపి ఆపించారు. 1984లో సంధి కుదిరింది. ఆ కాలంలోనే చిలీ ప్రభుత్వం తన సరిహద్దుల వెంట మందుపాతరలు పాతించింది. యుయయ్యాకో చుట్టుపక్కల కూడా పాతారు. కొండ ఎక్కడానికి పోయేవాళ్ళకు గాలి, చలి గురించే కాక, అటు కాలు పెట్టకండి అని కూడా చెప్పవలసి వచ్చేది. వాటినన్నిటినీ తీసేసరికి 2020 అయింది. పాతడం కొన్నేళ్ళు, తీయడం కొన్ని దశాబ్దాలు.

ఇక ట్రెస్ క్రూసెస్ కథకు వద్దాం. 1937లో పోలెండు నుంచి వచ్చిన పర్వతారోహకుల జట్టు ఆ శిఖరాన్నీ, ఓహోస్ దెల్ సలాదోనూ ఎక్కింది. వాళ్ళను ఎవరూ పంపలేదు, ఎవరికీ బలి ఇవ్వలేదు. ఎక్కాలనిపించింది, ఎక్కారు. ఎందుకు అనిపిస్తుందో నాకు తెలియదు. నాకు మెట్లెక్కితేనే మోకాళ్ళు. కానీ అట్లా అనిపించిన మనిషి మనవాళ్ళలోనూ పుట్టాడు.

మల్లి మస్తాన్ బాబు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంఘం అనే పల్లెలో పుట్టాడు. పెన్నా తీరపు పల్లెసీమ. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్నాడు. ఆ బడిలోనే చదివి సైన్యంలో చేరిన లెఫ్టినెంటు ఉదయ భాస్కరరావు 1985లో ఎవరెస్టు ఎక్కబోయి మంచులో ప్రాణాలు విడిచారు. బడిలో ఆయన విగ్రహం పెట్టారు. రోజూ ఆ విగ్రహం ముందు నుంచి నడిచిన పిల్లవాడికి కొండ మీదికి మనసు పోయింది. చూశారా, ఒకరి చావును చూసి మనం పిల్లలను ఆపుదామనుకుంటాం, ఆ పిల్లవాడు దాన్ని చూసే బయలుదేరాడు.

చదువు నిర్లక్ష్యం చేసినవాడు కాదు. జంషెడ్‌పూరులో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, నడుమ కంప్యూటర్ ఉద్యోగం, ఆపైన కలకత్తా ఐఐఎంలో మేనేజిమెంటు చదువు. అంత చదివితే మనమైతే పెళ్ళిసంబంధాలు చూస్తాం. ఆయన 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలు వరసగా ఎక్కాడు. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్. ఆ కొండ ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఫిబ్రవరిలో ఆండీస్‌లోని అకొంకాగువా, మార్చిలో ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కొజియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్‌లో ఎల్‌బ్రుస్, జూలై 10న అలాస్కాలోని డెనాలి. మొత్తం 172 రోజులు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఇందులో ఒక ముచ్చట ఉంది. ఏడు శిఖరాలూ వారంలో ఏడు వేర్వేరు రోజుల్లో ఎక్కాడు. విన్సన్ గురువారం, అకొంకాగువా శుక్రవారం, కొజియస్కో శనివారం, ఎవరెస్టు ఆదివారం... నేను పాత క్యాలెండరు లెక్క వేసి చూశాను, సరిగ్గా ఉంది.

2015లో ఆయన మళ్ళీ ఆండీస్‌లో ఉన్నాడు. ఆ ఏడు మన మన్మథ ఉగాది మార్చి 21న వచ్చింది. మనకు ఎండలు ముదిరే కాలం అది. భూమధ్యరేఖకు దిగువన కదా, అక్కడ వేసవి అయిపోయి చలి మొదలయ్యే కాలం. ఉగాది పోయిన మూడో రోజు, మార్చి 24న, ట్రెస్ క్రూసెస్ దక్షిణ శిఖరం మీదికి ఒంటరిగా బయలుదేరాడు. వాతావరణం చెడింది. తిరిగి రాలేదు.

ఇక్కడ గీత సంగతి మళ్ళీ వస్తుంది. సరిహద్దు మీది కొండ మీద మనిషి తప్పిపోతే ఎవరు వెతకాలి? చిలీ పక్కన దిగాడో, అర్జెంటీనా పక్కన దిగాడో ఎవరికి తెలుసు? రెండు పక్కలా వెతికారు. నూరేళ్ళ కింద ఆ కనుమలో ఒక రాతి గుర్తు కోసం కొట్లాడుకున్న దేశాలే, మన పిల్లవాడి కోసం రెండు వైపులా మనుషులను, హెలికాప్టర్లను పంపాయి. మన విదేశాంగ శాఖ రెండు రాజధానుల్లోని మన రాయబార కార్యాలయాలను కదిలించింది. ఆయనతో చదువుకున్నవాళ్ళు, కొండలెక్కినవాళ్ళు ఫేస్‌బుక్కులో కబురు పంపి చందాలు పోగేశారు. ఏప్రిల్ 3న, దాదాపు 5,900 మీటర్ల ఎత్తులో, ఆయన శరీరం కనిపించింది. ఆ రోజు గుడ్ ఫ్రైడే. కొండ పేరు మూడు సిలువలు. ఇది కేవలం కాకతాళీయమే, అయినా నాకు ఆ సంగతి మనసులోంచి పోవడం లేదు.

కనిపించిన తర్వాత కిందికి దించడానికే చాలా రోజులు పట్టింది. తెల్ల గాలి తెరిపి ఇవ్వలేదు. ఆ నెల చివరికి గాని స్వదేశం చేరలేదు. ఏప్రిల్ 25న స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మేము టీవీలో చూసింది అదే. నలభై ఏళ్ళ కొడుకు పెట్టె ముందు తల్లి. మా ఆడబిడ్డకు గుర్తుండిపోయింది ఆ దృశ్యమే. ఆమెను నేను తప్పు పట్టను. నా కళ్ళ ముందూ ఉంది అది.

కానీ ఇంకో దృశ్యం కూడా ఉంది గదా అన్నాను ఆమెతో. మస్తాన్ బాబు పోవడానికి పది నెలల ముందు, 2014 మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల పల్లె నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. పదమూడేళ్ళ పదకొండు నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న లంబాడా బిడ్డ. ఎవరెస్టూ సరిహద్దు మీది కొండే, కాకపోతే అగ్నిపర్వతం కాదు. పూర్ణ టిబెట్టు వైపు నుంచి ఎక్కింది. ఆమె మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ భువనగిరి గుట్ట మీదనే. మనం వరంగల్లు నుంచి సికింద్రాబాదు రైల్లో పోతుంటే కిటికీలోంచి కనిపించే, ఏనుగు పడుకున్నట్టుండే ఒంటిరాతి గుట్ట.

యుయయ్యాకో మీద జడలతో కూర్చున్న పిల్లకూ పదమూడే, పూర్ణకూ పదమూడే. ఒకరిని పంపారు, ఒకరు పోయారు. ఈ మాట నేను మా ఆడబిడ్డతో అనేసరికి ఆమె కొంచెంసేపు ఊరుకుంది. తర్వాత, "నువ్వు ఎన్నైనా చెప్పు వదినా, దించుకొచ్చేటప్పుడు ఆ తల్లి మొకం చూసినవా నువ్వు?" అంది. చూశానన్నాను. "మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సెలవులు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. కాగితం పిల్ల తీసుకుపోలేదు. మరిచిపోయిందనుకున్నాను. నిన్న ఫోను చేసింది. "అత్తమ్మా, ఆ కాగితం పారేయకు. బీరువా మీద పెట్టు. అమ్మ సంక్రాంతికి వస్తది గదా, అప్పుడు అడుగుదాం" అంది. అక్కడే పెట్టాను.